మూడు షిఫ్టుల సిబ్బందితో విడివిడిగా మాట్లాడటానికి వేళ ఎలా కుదుర్చుకోవాలి?

ప్రశ్న (లాడ్జి మేనేజరు, తిరుపతి):

మా లాడ్జి రైల్వే స్టేషనుకు దగ్గరలో ఉంది. యాత్రికులు ఏ రైలు దిగితే ఆ వేళకే గది అడుగుతారు కాబట్టి రిసెప్షను, హౌస్‌కీపింగు, సెక్యూరిటీ మూడు షిఫ్టుల్లో నడుస్తాయి. నెలకొకసారైనా ప్రతి ఒక్కరితో విడిగా కూర్చుని మాట్లాడాలని యాజమాన్యం కోరుతోంది, అది అవసరమేనని నాకూ అనిపిస్తోంది. పగటి షిఫ్టువారితో ఇబ్బంది లేదు. రాత్రి 10 గంటలకు ఎక్కినవారు మాత్రం నేను వచ్చేసరికి ఇంటికి బయలుదేరుతూ ఉంటారు; ఆపి అడిగితే నిద్రమత్తులో "అంతా బాగానే ఉంది సార్" అనేసి వెళ్ళిపోతారు. పైగా షిఫ్టులు వారం వారం మారడం వల్ల ఫలానా మంగళవారం ఫలానా గంటకు అని నిర్ణయించుకున్నా మరుసటి వారానికే అది చెల్లదు. వాట్సాప్ గ్రూపులో సెలవుల సంగతి తప్ప మనసులో మాట ఎవరూ రాయరు. ఇటువంటి చోట పనిచేసినవారు ఏ పద్ధతి పాటిస్తున్నారో దయచేసి తెలుపగలరు.

జవాబు 1 (నర్సింగ్ సూపర్‌వైజరు, తిరుపతి):

మేనేజరు గారూ, తేదీని పట్టుకోకుండా షిఫ్టును పట్టుకోండి. మీ దగ్గర షిఫ్టులు మారుతున్నాయి కాబట్టి ప్రతి మనిషీ నెలలో ఏదో ఒక వారం మధ్యాహ్నం డ్యూటీకి వస్తారు. ఆ వారంలోనే వారి పేరు పక్కన మాట్లాడే గంటను డ్యూటీ చార్టులో రాసిపెడితే, చార్టు మారినప్పుడు అదీ దానితోపాటే మారుతుంది. మా వార్డుల్లో చేసేది ఇదే. డ్యూటీ అప్పగించే సమయంలో మాత్రం ఈ మాటలు పెట్టుకోవద్దు, ఎందుకంటే అప్పుడు ఒకరి ధ్యాస అప్పగింత మీద, మరొకరి ధ్యాస ఇంటి మీద ఉంటుంది.

ఎప్పుడూ రాత్రి డ్యూటీయే కోరుకునేవారు కొందరుంటారు. వారి కోసం మీరే నెలకొక రాత్రి ఉండాలి, వేరే దారి లేదు. అదీ 10 గంటలకు డ్యూటీ ఎక్కిన తర్వాత మొదటి రెండు గంటల్లోనే ముగించండి. తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య మనిషి చురుకుదనం బాగా తగ్గుతుంది కనుక ఆ వేళలో అడిగినదానికి సరైన జవాబు రాదు.

జవాబు 2 (మామిడి గుజ్జు ఫ్యాక్టరీ షిఫ్టు ఇన్‌చార్జి, చిత్తూరు):

పై మాటలతో ఏకీభవిస్తూనే ఒక విషయం చేర్చాలి. డ్యూటీ అయిపోయాక అరగంట కూర్చోబెడితే అది కూడా పని వేళే. పరిమితి దాటిన పనికి రెట్టింపు వేతనం ఇవ్వాలన్న నియమం 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుంచీ ఉంది. లాడ్జికి వర్తించే చట్టం వేరు కావచ్చు గానీ, మీరు మాట్లాడాలనుకుంటే డ్యూటీలోనే మాట్లాడటం న్యాయం. ఇక సీజను సంగతి. జూన్, జూలైలో తోతాపురి లారీలు గేటు దగ్గర బారులు తీరితే మాకు అరగంట దొరకదు, అందుకని ఆ రెండు నెలలూ పది నిమిషాలకు కుదిస్తాం, అంతేగాని రద్దు చేయం. మీకు బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి ఇలాంటివే కాబట్టి ముందే చార్టులో కుదించి రాసుకోండి.

జవాబు 3 (రాత్రి డ్యూటీ రిసెప్షనిస్టు, తిరుపతి):

ఎదుటి పక్షం నుంచి రాస్తున్నాను. మేనేజరు గదికి ఒక్కరినే పిలిస్తే, మిగతావారు "ఏం తప్పు చేశాడో" అనుకుంటారు. అందరినీ వరుసగా పిలుస్తారని ముందే తెలిస్తే ఆ అనుమానం ఉండదు. తిట్లు, షోకాజు నోటీసులు ఆ సమావేశంలోకి తేవద్దు, వాటికి వేరే రోజు ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా, పోయిన నెల మేము అడిగిన దాని మీద ఏం జరిగిందో మొదట చెప్పండి. కుదరకపోతే కుదరలేదని చెప్పినా చాలు. రాత్రివేళ స్టాఫ్ బాత్‌రూమ్‌లో లైటు లేదన్న మాట మూడుసార్లు చెప్పవలసి వస్తే నాలుగోసారి ఎవరూ నోరు విప్పరు.

ప్రశ్న వేసినవారు:

అందరికీ ధన్యవాదాలు. వచ్చే నెల చార్టు ఈ విధంగానే వేస్తాను. ఒక్క సందేహం మిగిలింది: రాత్రి రిసెప్షన్‌లో ఒక్కరే ఉంటారు, వారిని కూర్చోబెడితే కౌంటరు ఎవరు చూస్తారు?

జవాబు 1 (నర్సింగ్ సూపర్‌వైజరు):

మీ గదికి పిలవకండి, మీరే కౌంటరు దగ్గర కుర్చీ వేసుకోండి. యాత్రికులు వస్తే మాట ఆపి గది ఇప్పించి, తర్వాత కొనసాగించండి. సెక్యూరిటీ మనిషిని మాత్రం కాసేపు గేటు వైపు ఉండమనండి, ఎందుకంటే మూడోమనిషి వింటున్నాడంటే ఎవరూ అసలు సంగతి చెప్పరు.