మార్టిన్ లూయిస్ రాత్రి బొమ్మలు: ఈయన పేరు ఎందుకు వినబడదు?

నేను న్యూయార్క్‌లో నైట్ షిఫ్ట్ చేస్తాను. మొన్న సెలవు రోజు ఒక ఎగ్జిబిషన్‌లో మార్టిన్ లూయిస్ అనే కళాకారుడి ప్రింటు (రేకు మీద గీసి, సిరా రాసి కాగితం మీద అచ్చు తీసిన బొమ్మ) చూశాను, 'గ్లో ఆఫ్ ది సిటీ', 1929 నాటిది. ఫైర్ ఎస్కేప్ (బిల్డింగ్ బయట ఉండే ఇనుప మెట్లు) మీద ఒకావిడ. ఎదురుగా దండేల మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. ఆ ఇరుకిళ్ల వెనకాల చానిన్ బిల్డింగ్ అనే ఆకాశహర్మ్యం ధగధగా వెలుగుతోంది. ఇంటికి ఫోన్ చేసుకుంటూ నేనూ సరిగ్గా అలాగే నిలబడతాను. కదలబుద్ధి కాలేదు.

అమెరికన్ చిత్రకారుడు ఎడ్వర్డ్ హాపర్ పేరు అందరూ చెబుతారు, ఈయన పేరు నేను ఎప్పుడూ వినలేదు. ఎందుకని? ఇంకోటి, ఆ చీకటి సిరా పూసినట్టు లేదు, మెత్తగా మసిలా ఉంది. అదెలా వస్తుంది?

జవాబు 1
అది డ్రైపాయింట్ అనే పద్ధతి అండీ. నేను ప్రింట్‌మేకింగే చదివాను. ఎచింగ్ అనే పద్ధతిలో రేకు మీద గీతను యాసిడ్ తొలుస్తుంది. ఇందులో యాసిడ్ ఉండదు, గట్టి సూదితో రాగిరేకు మీద నేరుగా గీస్తాం. నాగలి చాలు పక్కన మట్టి లేచినట్టు గీత పక్కన సన్నగా రాగి లేస్తుంది. రేకుకు సిరా రాసి ఎంత తుడిచినా ఆ రాగి అంచు కొంత సిరాను పట్టుకునే ఉంటుంది. ప్రెస్‌లో నొక్కితే అదే ముఖమల్‌లా కాగితం మీదికి దిగుతుంది. మీరు చూసిన మెత్తదనం అదే. ఆ బిల్డింగ్ వెలుగంటారా, అది ఆయన గీయకుండా వదిలేసిన చోటు!

బాధేమిటంటే ఆ అంచు ప్రెస్ కింద త్వరగా అణిగిపోతుంది. నా మొదటి ప్లేటు పది ప్రింట్లకే వెలిసిపోయింది, ఏడుపొచ్చింది. అందుకే ఇవి తక్కువ కాపీలే ఉంటాయి.

జవాబు 2
లూయిస్ 1881లో ఆస్ట్రేలియాలోని కాసిల్‌మెయిన్‌లో పుట్టాడు. 1900లో అమెరికా వచ్చాడు. 1915లో హాపర్‌కు ఎచింగ్ మెళకువలు చెప్పింది ఈయనే. ఈ ఒక్క ముక్క అందరికీ తెలియాలని నా కోరిక. 1920లో జపాన్ వెళ్లి రెండేళ్ల దాకా ఉన్నాడు. 'రెలిక్స్', 'షాడో డాన్స్', 'స్టూప్స్ ఇన్ స్నో' అనే ప్రింట్లన్నీ 1928, 1930 మధ్యలోవే. చేయి బాగా సాగుతున్న సమయంలోనే షేర్ మార్కెట్ కూలింది, ప్రింట్లు కొనేవాళ్లు లేకుండా పోయారు. 1932లో న్యూయార్క్ వదిలి కనెక్టికట్ రాష్ట్రానికి వెళ్లి, నాలుగేళ్లకు తిరిగొచ్చాడు. తర్వాత ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్ అనే కళాపాఠశాలలో పాఠాలు చెప్పాడు. 1962లో పోయాడు.

పేరు వినబడకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. వెలుతురుకు కాగితం పాడవుతుందని మ్యూజియంలు ప్రింట్లను పెట్టెల్లో భద్రపరుస్తాయి. గోడ మీద ఏళ్ల తరబడి కనబడేది పెయింటింగే, జనానికి గుర్తుండేదీ అదే. ముందుగా రాసి అడిగితే మ్యూజియంలలోని ప్రింట్ రూముల్లో తీసి చూపిస్తారు. 'రెలిక్స్' ఉందేమో అడగండి. పైఅంతస్తు కిటికీలోంచి చూసినట్టు ఒక వీధి మలుపు, దీపం కింద మనుషులు, వాళ్ల నీడలు.

అడిగినవారు
ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. గీయకుండా వదిలేసిన చోటే వెలుగు అన్న మాట మనసులో ఉండిపోయింది. ఈ రాత్రి షిఫ్ట్‌కు వెళ్లేలోపే రెండు మ్యూజియంలకు మెయిల్ పెడతాను. చూపిస్తే వచ్చి ఇక్కడే రాస్తాను.