వంజంగి కొండకు రోజువారీ పరిమితి ఉండాలా?

కొండగాలి:
అల్లూరి సీతారామరాజు జిల్లా వంజంగి కొండ మీద మబ్బుల నడుమ సూర్యోదయం చూడటానికి వచ్చేవారి సంఖ్యకు పరిమితి పెట్టాలా అన్న ప్రశ్నను చర్చకు తెస్తున్నాను. పెట్టాలన్నదే నా అభిప్రాయం. నీలగిరికి, కొడైకెనాల్‌కు వెళ్లే వాహనాలకు మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఈ-పాస్ తప్పనిసరి అయింది. తొలి ఏడాది అది కేవలం నమోదు. అడిగిన వారందరికీ పాస్ దొరికింది. 2025 ఏప్రిల్ నుంచి వేసవి సీజనుకు మాత్రం నీలగిరికి మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలనీ, కొడైకెనాల్‌కు 4,000, 6,000 అనీ కోర్టు హద్దు గీసింది. స్థానికుల వాహనాలకు, ప్రభుత్వ బస్సులకు మినహాయింపు ఇచ్చింది. మునిసిపాలిటీ, చెత్త బండ్లు, పెద్ద రోడ్లు ఉన్న ఊటీకే ఈ కట్టడి అవసరమైనప్పుడు, ఒక చిన్న పంచాయతీ మీద ఆధారపడిన వంజంగికి అవసరం లేదని ఎలా అనగలం?

ఘాట్ రోడ్డు:
కొండగాలి గారూ, నేను విశాఖ నుంచి పాడేరు, అరకు వైపు బళ్లు తిప్పుతాను. దసరా నుంచి సంక్రాంతి దాకా వచ్చే రాబడితోనే మిగతా ఏడాది వాయిదాలు కట్టుకోవాలి. మీరు చెప్పిన నీలగిరిలోనే 2025 ఏప్రిల్‌లో వ్యాపారులు దుకాణాలు మూసి బంద్ పాటించారు. ఆ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి కదా. పరిమితి అంటూ పెడితే పాసులు ముందుగా చేజిక్కించుకునేది పెద్ద రిసార్టుల వారే. నలుగురు కలిసి డబ్బులు వేసుకుని శనివారం రాత్రి అప్పటికప్పుడు బయలుదేరే మామూలు కుటుంబం గేటు దగ్గరి నుంచి వెనక్కి తిరగాల్సి వస్తుంది. పైగా ఏజెన్సీలో చాలా చోట్ల సెల్ సిగ్నలే అందదు. ఫోనులో పాస్ చూపించమంటే ఎలా? ముందు మరుగుదొడ్లు కట్టించండి, బళ్లు నిలిపే చోటు చూపించండి, చెత్త ఎత్తించండి. ఆ తరువాత కూడా ఇబ్బంది ఉంటే పరిమితి గురించి మాట్లాడుకుందాం.

గెడ్డ ఒడ్డు:
నాది పాడేరు మండలం. మీ ఇద్దరి మాటలూ చదివాను. ఇద్దరూ గేటుకు బయటివైపు నిలబడి మాట్లాడుతున్నారని నాకు అనిపించింది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఊటీకి వచ్చినవారు పగలంతా రకరకాల చోట్లకు చెదిరిపోతారు. వంజంగికి వచ్చేవారందరికీ కావలసింది ఒక్కటే, తెల్లవారేటప్పుడు కొండపైన ఉండటం. అందువల్ల తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకే బళ్లన్నీ ఒకే సన్నని దారిలో చేరతాయి, ఎనిమిది దాటేసరికి కొండ ఖాళీ అవుతుంది. జిల్లా సరిహద్దులో రోజుకు ఇన్ని బళ్లని లెక్కపెట్టినందువల్ల ఆ నాలుగు గంటల ఒత్తిడి తగ్గదు. లెక్క పెట్టాల్సింది ఆ కొండ మీద, ఆ వేళకు ఎంతమంది ఉన్నారన్నది.

ఇక నీళ్ల సంగతి. మా వైపు చాలా గూడేలకు తాగునీరు కొండ ఊటల నుంచి గ్రావిటీ పైపుల ద్వారా వస్తుంది. మోటారు లేదు, శుద్ధి యంత్రం లేదు. పైన గుడారం వేసుకున్నవారు రాత్రి విడిచిన కాగితపు పళ్లేలు, బిరియానీ ఎముకలు, సీసాలు, బహిర్భూమికి వెళ్లిన మలినం అన్నీ ఒక్క వాన పడితే గెడ్డలోకి, అంటే కొండవాగులోకి దిగుతాయి. చలిమంటకు కట్టెలు ఎక్కడివి? కాఫీ మొక్కలకు నీడనిచ్చే చెట్ల కొమ్మలు. ఆ సిల్వర్ ఓక్ మానుకే మిరియాల తీగ పాకించి ఉంటుంది; కొమ్మ విరిచేటప్పుడు తీగ కూడా తెగుతుందని తెలియక పోవచ్చు, కానీ ఆ తీగ మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అరకు వైపు వలిసె పూల చేలల్లోనూ ఇదే జరుగుతుంది. ఫొటో కోసం చేను మధ్యకు నడిచిన దారి పొడుగునా పైరు పడిపోతుంది, అది నూనె గింజల పంట. రైతు మనిషికి ఇంతని తీసుకుంటే దానిని దోపిడీ అంటూ కామెంట్లు పెడతారు. నా దృష్టిలో అది నష్టపరిహారం.

కాబట్టి పరిమితి కావాలి. అయితే ఆ గేటు ఎవరి చేతిలో ఉండాలన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. 1996 నాటి పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉమ్మడి వనరులను కాపాడుకునే అధికారం గ్రామసభకు ఉంది. ఎంతమంది రావాలో, ఏ నెలల్లో కొండకు విశ్రాంతి ఇవ్వాలో, గుడారాలు ఉండాలా వద్దా అన్నది ఆ సభ తీర్మానించాలి. వసూలైన ప్రతి రూపాయి లెక్క ఆ సభలోనే చదవాలి.

పాత ఫైలు:
గెడ్డ ఒడ్డు గారి మాటకు చట్టపరమైన బలం ఇంకా ఉంది. 1970 నాటి భూబదలాయింపు నిబంధన (1/70) వల్ల ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకు బదిలీ కాకూడదు. 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వం కూడా అక్కడి భూమిని గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని చెప్పింది. ఆ కేసు మొదలైంది బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీదనే. అదే తీర్పులో తవ్వకాల నికర లాభంలో కనీసం 20 శాతం స్థానికుల అవసరాలకు కేటాయించాలని కూడా అన్నారు. అది గనులకు సంబంధించిన మాటే అయినా, పర్యాటకానికీ అలాంటి వాటాను అడగడంలో తప్పేముంది? ఘాట్ రోడ్డు గారు భయపడిన పెద్ద రిసార్టులకు అడ్డుకట్ట ఈ చట్టాలే. బినామీ పేర్లతో నడిచే గుడారాల మీద వీటిని గట్టిగా అమలు చేయడం లేదన్నదే నా బాధ.

ఘాట్ రోడ్డు:
పాత ఫైలు గారూ, వాటా ఊరికి దక్కాలన్న దానికి నేను అడ్డు చెప్పను. కానీ గ్రామసభ రోజుకు ఇంతమందే అని తీర్మానిస్తే, ముందే డబ్బు తీసుకున్న నేను ప్రయాణికులకు ఏమని సమాధానం చెప్పాలి? అటవీశాఖ ఒక రేటు, పంచాయతీ ఒక రేటు, పార్కింగుకు ఇంకొకటి అంటూ మూడు చోట్ల రసీదులు చింపితే గొడవ మా డ్రైవర్ల మీదకే వస్తుంది.

కొండగాలి:
దీనికి నమూనా మన దగ్గరలోనే ఉంది. కేరళలోని పెరియార్ పులుల అభయారణ్యంలో ఒకప్పుడు అడవిలో దాల్చిన జాతి చెట్ల బెరడు దొంగచాటుగా ఒలిచి అమ్మినవారినే, 1990ల చివర పర్యావరణాభివృద్ధి కమిటీగా చేర్చి, సందర్శకులను అడవిలో నడిపించే పని అప్పగించారు. వారు జీవనోపాధి పొందుతూనే అడవికి కాపలా కూడా కాస్తున్నారు. చిన్న జట్లు, ముందస్తు బుకింగ్, వెంట స్థానిక గైడు తప్పనిసరి. మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితి సభ్యులు విడిది కేంద్రాలు నడుపుతున్నారు కాబట్టి మన రాష్ట్రానికి ఇది పూర్తిగా కొత్త కూడా కాదు. ఘాట్ రోడ్డు గారూ, ఒకే రసీదు, ఒకే బుకింగ్ ఉంటే మీరు డబ్బు తీసుకునే ముందే చోటు ఉందో లేదో తెలుస్తుంది. సిగ్నల్ లేని చోట కాగితం మీద అచ్చు వేసిన పాస్ సరిపోతుంది.

విశ్రాంతి నెలల గురించి కూడా ఒక మాట. థాయిలాండ్‌లో మాయా బే సముద్రతీరాన్ని 2018 జూన్‌లో మూసి, 2022 జనవరిలో గానీ తెరవలేదు. దెబ్బతిన్న పగడాలను మళ్లీ నాటారు, సొరచేపలు తిరిగి వచ్చాయి. తెరిచిన తరువాత పడవలను తీరంలోకి రానివ్వకుండా వెనుక వైపున ఆపుతున్నారు, ఏటా రెండు నెలలు మళ్లీ మూస్తున్నారు.

గెడ్డ ఒడ్డు:
మూడున్నరేళ్ల మూత మాకు అక్కర్లేదు. టీ కొట్లు, బొంగు చికెన్ బళ్లు పెట్టుకున్న మా పిల్లలు అంతకాలం తట్టుకోలేరు. వానాకాలంలో మట్టిదారి కోసుకుపోయే నెలల్లో కొండను మూస్తే చాలు. రాత్రి గుడారాలు కొండపైన పూర్తిగా ఆపి, కింద ఊళ్లో ఇళ్లలోనే బస ఏర్పాటు చేయాలి. ప్రైవేటు బళ్లు పాడేరులోనే నిలిపి, అక్కడి నుంచి ఊరి జీపులే తిరగాలి. ఘాట్ రోడ్డు గారి బళ్లకు పాడేరు దాకా పని ఎలాగూ ఉంటుంది. ఈ మూడింటినీ ఈ సీజను మొదలయ్యేలోపు గ్రామసభ ముందు పెట్టమని పంచాయతీకి అర్జీ రాస్తున్నాను. రసీదు ఒక్కటే ఉండాలన్న అంశాన్ని అందులో చేరుస్తాను. బళ్లు తిప్పేవారి తరఫున ఆ సభకు ఒకరు వచ్చి మాట్లాడగలరా, ఘాట్ రోడ్డు గారూ?