లైపోజోముల్లోకి (మందు మోసే కొవ్వుపొర బుడగలు) డాక్సోరుబిసిన్ (క్యాన్సర్ మందు) 40 శాతమే ఎక్కుతోంది, లోపం ఎక్కడ?

కొవ్వుపొర:
హెచ్‌ఎస్‌పీసీ (సోయా నుంచి చేసే కొవ్వు), కొలెస్ట్రాల్, పెగ్-లిపిడ్ (పెగ్ పాలిమర్ తగిలించిన కొవ్వు) 56:38:5 మోల్ నిష్పత్తి. లోపల 250 మిల్లీమోలార్ అమ్మోనియం సల్ఫేట్. ఎక్స్‌ట్రూజన్ (సన్న రంధ్రాల్లోంచి నెట్టడం) తర్వాత సైజు 105 నానోమీటర్లు, పీడీఐ (సైజుల్లో తేడా సూచిక) 0.08. మందు కలిపి 60 డిగ్రీల దగ్గర అరగంట ఉంచితే లోడింగ్ 40 శాతమే చూపిస్తోంది. 90 దాటాలి కదా?

గ్రేడియంట్:
ఆ సైజు వచ్చిందంటే ఎక్స్‌ట్రూజన్‌లో తేడా లేదు. బయటి సల్ఫేట్ పూర్తిగా పోయిందా? లోపలి అమ్మోనియం నుంచి అమ్మోనియా పొర దాటి వెళ్లిపోతుంది, హైడ్రోజన్ అయాన్ లోపలే మిగులుతుంది. ఛార్జి లేకుండా లోపలికొచ్చిన డాక్సోరుబిసిన్ ఆ అయాన్‌ని పట్టుకుని, సల్ఫేట్‌తో కలిసి గడ్డకడుతుంది, ఇక బయటికి రాలేదు. బయటా అమ్మోనియం ఉంటే ఇదంతా మొదలే కాదు.

బయటి సల్ఫేట్‌ని తీసేసే డయాలిసిస్ చివరి బయటి ద్రవం ఒక మిల్లీలీటరు తీసి బేరియం క్లోరైడ్ చుక్క వేయండి. తెల్లబడితే సల్ఫేట్ ఉన్నట్టే. లైపోజోమ్ శాంపిల్‌లోనే వేస్తే ఏమీ తెలీదు, అది ముందే పాలలా ఉంటుంది. బయట ఫాస్ఫేట్ బఫర్ ఉన్నా ఈ పరీక్ష చెల్లదు, అదీ తెల్లబడుతుంది.

కొవ్వుపొర:
బయట 10 శాతం సుక్రోజ్, హిస్టిడిన్, పీహెచ్ 6.5. బేరియం వేసినా తేటగానే ఉంది. కొలిచేది ఫ్లోరసెన్స్‌తో (మందు ఇచ్చే వెలుగు), లోపలికెక్కని మందుని వేరుచేసే కాలమ్‌కి ముందూ తర్వాతా.

నాలుగువందల_ఎనభై:
అయితే దొంగ అక్కడే ఉన్నాడు. లోపల కిక్కిరిసిన డాక్సోరుబిసిన్ సరిగ్గా వెలగదు. బయట మిగిలిన కాస్త మందు మాత్రం పూర్తిగా వెలుగుతుంది. పొర పగలకుండా కొలిస్తే మందు ఉన్నా లేనట్టే లెక్క వస్తుంది. పొరని కరిగించే డిటర్జెంట్, ట్రైటాన్ వేస్తున్నారా?

కొవ్వుపొర:
1 శాతం, గది ఉష్ణోగ్రతలో పది నిమిషాలు.

నాలుగువందల_ఎనభై:
చాలదండీ. హెచ్‌ఎస్‌పీసీ, కొలెస్ట్రాల్ పొర చల్లగా ఉంటే ట్రైటాన్‌కి లొంగదు. 65-70 డిగ్రీల్లో ఐదు నిమిషాలు ఉంచి చల్లార్చండి. ఆ వేడికి ట్రైటానే మబ్బుగా మారుతుంది, కంగారు పడొద్దు. పూర్తిగా తేటపడ్డాకే కొలవాలి. లేదా ఆమ్లం కలిపిన ఐసోప్రొపనాల్‌లో కరిగించి 480 నానోమీటర్ల దగ్గర అబ్జార్బెన్స్ (కాంతిని ఎంత పీల్చుకుంటుందో) చూడండి. ఏది వాడినా స్టాండర్డ్ కర్వ్ (తెలిసిన మోతాదులతో గీసే పోలిక రేఖ) కూడా అదే ద్రావణంలో గీయాలి. చాలామంది జారేది ఇక్కడే.

కొవ్వుపొర:
అదే శాంపిల్, వేడి ట్రైటాన్‌తో 93.

వార్డు_ఫార్మసీ:
పనిలో పనిగా ఒకటి: దీన్ని ఫ్రీజర్‌లో పెట్టకండి, మంచు స్ఫటికాలు పొరని చీల్చేస్తాయి. 2-8 డిగ్రీలు చాలు. 1995లో అమెరికాలో అనుమతి పొందిన లైపోజోమ్ డాక్సోరుబిసిన్ మందు డాక్సిల్‌దీ ఇదే అమరిక. దాన్ని రోగికి ఎక్కించేటప్పుడు సెలైన్‌లో కలపరు. 90 మిల్లీగ్రాముల వరకు 250 మిల్లీలీటర్ల 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే. ఇన్‌లైన్ ఫిల్టర్ (ట్యూబు మధ్య వడపోత) పెట్టరు. మొదట నిమిషానికి 1 మిల్లీగ్రాము చొప్పున వదులుతారు, ఎందుకంటే రియాక్షన్ వస్తే ఎక్కువగా మొదటి డోసులోనే వస్తుంది.

కొవ్వుపొర:
సరే. మరి 4 డిగ్రీల్లో ఉంచింది లీకవుతోందో లేదో ఎలా చూడాలి?

నాలుగువందల_ఎనభై:
ట్రైటాన్ లేకుండా ఫ్లోరసెన్స్ వారం వారం చూడండి. ఇప్పటిదాకా ఇబ్బంది పెట్టిన గుణమే ఇక్కడ పనికొస్తుంది, మందు బయటికొచ్చిన కొద్దీ వెలుగు పెరుగుతుంది.