‘డ్రీమింగ్’ని తెలుగులో ఏమనాలి?

మొన్న సెలవుల్లో లండన్ టేట్ మోడర్న్‌లో ఎమిలీ కామ్ ఙ్వారె బొమ్మలు చూసొచ్చాను. (చివరి పేరు ఙతో మొదలు. పలక మీద దిద్దడానికి తప్ప ఎందుకూ కొరగాదనుకున్న అక్షరం ఇన్నేళ్లకు అక్కరకొచ్చింది.) ఆ మ్యూజియం ఒకప్పటి కరెంటు కేంద్రం. 1981లో మూతపడితే 2000లో ఇలా తెరిచారు. టర్బైన్లు తిరిగిన హాలు దాటి పైకి వెళ్తే ఈవిడ బొమ్మలు. మధ్య ఆస్ట్రేలియాలో అన్మచెర్ అనే ఆదివాసీ జాతి మనిషి. డెబ్భై దాటాక కాన్వాసు పట్టి, దాన్ని నేల మీద పరిచి, పక్కన చతికిలబడి వేసేవారట. 1996లో పోయారు. ఒక బొమ్మ వీడియో కాల్‌లో చూపిస్తే మా అమ్మ, “చుక్కలు పెట్టింది గానీ కలపలేదేం?” అంది.

దీని మీద నాలుగు ముక్కలు రాద్దామని కూర్చుని ‘డ్రీమింగ్’ దగ్గర ఆగిపోయాను. పూర్వీకులు లోకాన్ని ఏర్పరచడం గురించి అక్కడి ఆదివాసుల నమ్మకానికి ఇంగ్లీషులో పెట్టిన పేరది. ‘స్వప్నకాలం’ అంటే నిద్రలో వచ్చిపోయేదనిపిస్తోంది. ‘పురాణం’ అంటే ఎప్పుడో జరిగిపోయిన కథ. వాళ్ల లెక్కలో పూర్వీకులు నేలనూ నీటినీ కట్టుబాట్లనూ ఏర్పరచడం అయిపోలేదు, ఇప్పటికీ సాగుతోంది. ‘స్థలపురాణం’ కొంత నయం. పెద్దలు చెప్పండి.

*

చిక్కంతా ఇంగ్లీషులోనే ఉందండీ. అక్కడి అరంట భాషలో మాట ‘అల్చెర’. దానికి ‘కలల కాలం’ అని 1896లో అర్థం రాసింది ఆలిస్ స్ప్రింగ్స్ టెలిగ్రాఫ్ ఆఫీసు చూసుకునే గిల్లెన్ అనే ఆయన. ఆ భాషలో కల రావడాన్ని ‘అల్చెరను చూడడం’ అంటారు. మనమూ ‘కల కన్నాను’ అంటాం కదా, కనడమంటే చూడడమేగా. కాకపోతే అక్కడ కనేది కలని కాదు, ఎప్పటికీ ఉండేదాన్ని అని కొందరంటారు. గిల్లెన్ ఆ చూపుని వదిలేసి నిద్రని పట్టుకున్నాడు. స్వప్నం మాట ఎత్తకండి. మనకి ‘కల’ అంటే ‘ఉన్న’ అని కూడా అర్థం ఉందిగా: కలదు, కలవాడు. రెండు కలలకీ చుట్టరికం ఉందనను. కానీ నన్నడిగితే ‘కలిమి’ లాంటి మాట దీనికి దగ్గర. డబ్బు వాసన కొడుతోంది, అదొక్కటే ఇబ్బంది.

*

కలిమి వద్దులెండి, మావాళ్లు లాటరీ అనుకుంటారు! ‘అల్చెర’ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట వివరిస్తాను.

ఇంకో తప్పు నాదే. ఆవిడ పేరులోని ‘కామ్’ అంటే అక్కడి పెన్సిల్ యామ్ అనే తీగ కాయ, గింజ. యామ్ కనిపించగానే నా వ్యాసంలో పెండలం అని రాసేశాను. తీరా చూస్తే ఆ తీగ మన పెసర, మినుము, అలసందల జాతిదే. కాకపోతే దీనికి నేల కింద తినే దుంప ఊరుతుందన్నమాట. పెండలం కొట్టేశాను. ‘దుంపమినుము’ అంటే మరీ వింతగా ఉంటుందా?