దగ్గినా తుమ్మినా మూత్రం పడిపోతోంది: ఇంట్లో చేసుకునే ఉపాయాలు ఏమైనా ఉన్నాయా?

నంద్యాల టీచర్
నాకు 46. ఇద్దరు పిల్లలు, ఇద్దరూ నార్మల్ డెలివరీలే. ఏడాది నుంచి దగ్గినా, తుమ్మినా, క్లాసులో కాస్త గొంతు పెంచి కసిరినా చీర తడుస్తోంది. ముదురు రంగు చీరలే కట్టుకుంటున్నాను. బడిలో నీళ్ళు తాగడం దాదాపు మానేశాను. మందులు, ఆపరేషన్ల దాకా వెళ్ళేముందు ఇంట్లో చేసుకోగలిగినవి చూద్దామని. పక్కింటావిడ పల్లేరు కాయల కషాయం తాగమంటోంది. ఎవరైనా వాడారా?

కరీంనగర్ అక్క
చెల్లె, పల్లేరు కాయలు నేను తాగిన. మంట తగ్గుతది, మూత్రం సాఫుగ వస్తది. గని నీకు గావాల్సింది ఆగుడు, వచ్చుడు కాదు గద! తాగిన రోజుల్ల ఇంకా ఎక్కువసార్లు పోవుడైంది. బార్లీ నీళ్లు, ధనియాల నీళ్లు గూడ గంతే. నాకు అక్కరకొచ్చింది వేరే. మలబద్ధకం పోయినంక సగం బాధ తగ్గింది. పొద్దుగాల కూసోని ముక్కుడు బందైంది. జొన్నరొట్టె, ఆకుకూరలు తింటున్న, గంతే.

ఫిజియో, హైదరాబాద్
అక్క చెప్పింది నిజం. ముక్కడం వల్ల కింది కండరాల మీద రోజూ బరువు పడుతుంది. టీచర్ గారూ, మీది ఒత్తిడి పడ్డప్పుడు కారే రకం. కాన్పుల తర్వాత, ముట్లుడిగే వయసులో చాలామందికి వస్తుంది. దీనికి మొదటి వైద్యం కీగెల్ వ్యాయామం. 1948లో కీగెల్ అనే అమెరికన్ గైనకాలజిస్టు దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఇప్పటికీ డాక్టర్లు మొదట చెప్పేది అదే.

పడుకుని మోకాళ్ళు మడవండి. నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ బయటికి రాకుండా బిగబడతాం చూడండి, అలా వెనకనుంచి మొదలుపెట్టి ముందుదాకా లోపలికి, పైకి లాగండి. పొట్ట, తొడలు, పిరుదులు బిగుసుకోకూడదు. ఊపిరి ఆడుతూనే ఉండాలి. మూడు నాలుగు సెకన్లు పట్టి, అంతసేపూ పూర్తిగా వదలండి. వదలడం కూడా వ్యాయామంలో భాగమే. మెల్లగా పది సెకన్లదాకా పెంచండి. పూటకి 8 నుంచి 12 సార్లు, రోజుకి మూడు పూటలు, కనీసం మూడు నెలలు. రెండు వారాలు చేసి ఫలితం లేదని మానేసేవాళ్ళే ఎక్కువ.

మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి సాధన చేయకండి, తిత్తి పూర్తిగా ఖాళీ కాదు. ఇంకొకటి, దగ్గో తుమ్మో వచ్చే క్షణం ముందు బిగించడం అలవాటు చేసుకోండి. అన్నిటికంటే ముందు ఉపయోగం కనిపించేది దాంతోనే.

నంద్యాల టీచర్
యోగాలో మూలబంధం అంటారే, అదేనా మేడమ్?

ఫిజియో, హైదరాబాద్
దాదాపు అవే కండరాలు. కాకపోతే అక్కడ ఊపిరి బంధించి చేయిస్తారు, ఇక్కడ బంధించకూడదు. సేతుబంధాసనంలో నడుము ఎత్తినప్పుడు కలిపి చేయొచ్చు. నీళ్ళు మాత్రం మానకండి. నంద్యాల ఎండల్లో నీళ్ళు తాగకపోతే మూత్రం చిక్కబడి తిత్తిని ఇంకా రేపుతుంది, ఇన్ఫెక్షన్లూ వస్తాయి. మూత్రం లేత ఎండుగడ్డి రంగులో ఉంటే చాలు.

డల్లాస్ కోడలు
నాది ఇంకో రకం. దగ్గితే ఏం కాదు. ఇంటికొచ్చి తలుపు తాళం తీస్తుంటే చాలు, ఇక ఆగదు! కుళాయి చప్పుడు విన్నా అంతే. ఇక్కడి థెరపిస్టు మూడు రోజులు ఎప్పుడు ఏం తాగానో, ఎప్పుడు వెళ్ళానో, ఎంత వచ్చిందో కొలిచి రాయమంది. రాశాక కాఫీ భాగోతం బయటపడింది. ఫిల్టర్ కాఫీ ఒక్కసారిగా మానితే తలనొప్పి వస్తుంది, అందుకే గ్లాసు సైజు తగ్గిస్తూ వచ్చాను. డైట్ కోక్ అయితే పూర్తిగా బంద్.

తర్వాత తిత్తికి శిక్షణ. తొందర రాగానే పరిగెత్తకూడదు. ఉన్నచోటే ఆగి, ఐదారుసార్లు టకటకా బిగించి వదిలితే ఆ ఉధృతి కాస్త దిగుతుంది. అప్పుడు నడిచి వెళ్ళాలి. వెళ్ళే వ్యవధిని వారానికి పావుగంట చొప్పున పెంచాలి. గంటకోసారి వెళ్ళేదాన్ని, ఇప్పుడు మూడు గంటలు ఆగుతున్నాను. ‘ఎందుకైనా మంచిది’ అని బయల్దేరే ముందు ఊరికే వెళ్ళే అలవాటుందే, అది మానడమే అన్నిటికంటే కష్టమైంది.

బెజవాడ అబ్బాయి
మా నాన్నగారికి 71. రాత్రి నాలుగైదుసార్లు లేస్తారు. ధార సన్నగా వస్తుంది, లుంగీ మీద చుక్కలు పడుతుంటాయి. ఈ ఆపుకునే శిక్షణ ఆయనతో చేయించొచ్చా?

ఫిజియో, హైదరాబాద్
వద్దు తమ్ముడూ, ముందు యూరాలజిస్టుకి చూపించు. ఆ వయసులో ధార సన్నబడిందంటే ప్రోస్టేట్ పెరిగి ఉండొచ్చు. తిత్తి ఖాళీ కాక నిండి పొర్లుతుంటే, ఆపుకోమనడం ప్రమాదం. మూత్రం పోశాక లోపల ఎంత మిగిలిందో స్కానింగ్‌లో చూస్తారు. జలుబు మాత్రలు సొంతంగా వేసుకోనివ్వకు, కొన్నిటితో మూత్రం పూర్తిగా బిగుసుకుపోతుంది. షుగర్, బీపీ మాత్రల పేర్లు కూడా డాక్టరుకి చూపించు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి చక్కెరను మూత్రంలోకే పంపేస్తాయి, సార్లు పెరుగుతాయి. సాయంత్రానికి కాళ్ళు వాస్తుంటే మధ్యాహ్నం కాసేపు కాళ్ళు ఎత్తులో పెట్టి పడుకోమను. ఆ నీరు రాత్రికి కాకుండా పగలే దిగుతుంది.

ఆరోగ్యమే భాగ్యం
ఇవన్నీ ఎందుకండీ, రోజూ గుప్పెడు గుమ్మడి గింజలు, ఒక నువ్వుల ఉండ తినండి. నెలలో గ్యారంటీగా తగ్గిపోతుంది. నా దగ్గర పొడి ఉంది, కావాలంటే మెసేజ్ చేయండి.

డల్లాస్ కోడలు
గుమ్మడి గింజల మీద చిన్న చిన్న పరిశోధనలున్నాయి, అవీ నాలాంటి తొందర రకానికి. గ్యారంటీ అన్న మాట ఎవరూ అనలేదు. తింటే నష్టం లేదు గానీ, పొడి కొనాల్సిన పనేముంది, అంగట్లో గింజలే దొరుకుతాయి కదా. నువ్వుల ఉండలు రోజూ అంటే బెల్లం సంగతీ చూసుకోవాలి. బరువు తగ్గితే మాత్రం నిజంగా తేడా ఉంటుంది. 2009లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో, లావుగా ఉన్న ఆడవాళ్ళు ఆరు నెలల్లో సుమారు 8 శాతం బరువు తగ్గితే, వారంలో మూత్రం పడిపోయే సార్లు దాదాపు సగానికి తగ్గాయి.

ఏలూరు అమ్మమ్మ
గర్భసంచి తీసేస్తే ఇదీ పోతుందని మా దగ్గర ఒకచోట చెప్పారమ్మా. తీయించుకున్నాను, ఇది పోలేదు. చిన్న వయసు పిల్లలు ఆ మాట నమ్మి తొందరపడకండి. కింద ఏదో జారినట్టు, కండ తగిలినట్టు ఉంటే లేడీ డాక్టరుకి చూపించుకోండి, లోపల పెట్టే రింగులు కూడా ఉన్నాయట. బీపీకి రామిప్రిల్ వేసుకునేదాన్ని, ఎప్పుడూ పొడిదగ్గే. దగ్గిన ప్రతిసారీ తడిసేది. డాక్టరుగారు మాత్ర మార్చాక దగ్గు పోయింది, దాంతోపాటు ఇదీ చాలా తగ్గింది.

ఫిజియో, హైదరాబాద్
అమ్మమ్మగారు మంచి సంగతి చెప్పారు. ఎవరూ సొంతంగా మాత్ర ఆపకండి, అడిగి మార్పించుకోండి. మూత్రంలో రక్తం, జ్వరంతో మంట, ఉన్నట్టుండి కాళ్ళ తిమ్మిరితో పాటు ఇది మొదలవడం, వీటిలో ఏది కనిపించినా ఇంటి వైద్యం పక్కనపెట్టి ఆ రోజే వెళ్ళాలి.

నంద్యాల టీచర్
మూడు పూటలా చేస్తున్నాను. స్టాఫ్‌రూంలో కూర్చుని చేస్తున్నా ఎవరికీ తెలియదు, అదొక్కటి బాగుంది. తుమ్ముకి ముందు బిగించడం అలవాటైంది. పకపకా నవ్వితే మాత్రం ఇంకా ఆగట్లేదు. నెలసరి ప్యాడే వాడుతున్నాను, ఒరుసుకుపోయి మండుతోంది.

కరీంనగర్ అక్క
గవి మూత్రానికి జేసినయి కావు చెల్లె, తడి పైన్నే ఉంటది. మెడికల్ షాపుల మూత్రానికి వేరే ప్యాడ్లు అడుగు. ఇంట్ల ఉన్నప్పుడు పాత నూలు చీర మడతలు మంచిగుంటయి. కడుక్కొని, తడి లేకుంట తుడుసుకొని, జర కొబ్బరినూనె రాయి.

నంద్యాల టీచర్
సరే అక్కా. సంక్రాంతికి బడిలో ముగ్గుల పోటీ పెట్టారు, నన్నే చూసుకోమన్నారు. గొంతుక్కూర్చుని లేచేటప్పుడే భయం.

ఫిజియో, హైదరాబాద్
లేచే ముందు బిగించి, ఊపిరి వదులుతూ, ఒక మోకాలు నేల మీద ఆనించి లేవండి. నీళ్ళ బకెట్లు మాత్రం పిల్లలతో మోయించండి.