రోమన్ కాలపు పొలంలో కొత్త మెటల్ డిటెక్టర్: ప్రతి అడుగుకీ మేకుల మోత. సెట్టింగులు ఎలా పెట్టాలి?

ఫాస్‌వే_పొలం:
ఇంగ్లాండ్‌లో సైరెన్‌సెస్టర్ దగ్గర, పాత రోమన్ రోడ్డు ఫాస్ వే పక్కన ఒక రైతు దుక్కి పొలంలో డిటెక్టర్ వాడుకోమని నోటిమాటగా ఒప్పుకున్నాడు. పక్క పొలంలో రోమన్ విల్లా పునాదులు ఉన్నాయి, అది ప్రభుత్వ రక్షణలో ఉన్న స్థలం. డిటెక్టర్ మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800, దాంతో వచ్చిన 11 అంగుళాల కాయిల్ (నేల మీద ఊపే పళ్లెం). పార్క్ 1 మోడ్, సెన్సిటివిటీ 23.

సమస్య ఇదీ: విల్లా వైపు గట్టుకు దగ్గరయ్యేకొద్దీ మోత ఆగడం లేదు. తెర మీద 30 పైన అంకె (ఏ లోహమో సూచించేది), మంచి గట్టి టోన్ వస్తుంది. తవ్వితే వంగిన ఇనప మేకు. డిస్క్రిమినేషన్ (వద్దనుకున్న లోహాల సిగ్నల్‌ను వినబడకుండా చేసే సెట్టింగు) పెంచితే మెషిన్ మూగబోతోంది. యంత్రంలో లోపమా, సెట్టింగులా? పొలంలోకి దిగేముందు ఇంకేమైనా చూసుకోవాలా?

దుక్కిచాలు:
లోపం కాదు. రోమన్ కట్టడాలున్న నేలంతా చేత్తో కొట్టిన మేకులే. కప్పు దూలాలు కుళ్లిపోతాయి, మేకులు మిగులుతాయి. వంగిన మేకుకీ, ఉంగరంలా చుట్టుకున్న ఇనుముకీ, పలచటి రేకుకీ ఈక్వినాక్స్ పై అంకెలు చూపించడం మామూలే. ఇనుము అంకెలు -9 నుంచి 0 వరకు ఉంటాయి, కానీ పెద్ద ఇనుము సిగ్నల్ చుట్టు తిరిగి 35-40 దగ్గర తేలుతుంది.

ముందు సెన్సిటివిటీ 18-20కి దించండి. 23 పెట్టినంత మాత్రాన లోతు రాదు, మోతే ఎక్కువవుతుంది. పార్క్ 1 వదిలేసి ఫీల్డ్ 2కి వెళ్లండి. చిన్న, పలచటి నాణేలను దృష్టిలో పెట్టుకున్న మోడ్ అది. నాలుగో శతాబ్దపు రోమన్ కంచు నాణేల్లో చాలావాటి వ్యాసం 12-17 మిల్లీమీటర్లే. అవి కింది అంకెల్లో పలుకుతాయి, కాబట్టి "పది లోపు అంతా చెత్త" అని కొట్టేస్తే వాటినే వదిలేసినట్టు.

వరుస కూడా ముఖ్యం. సెల్‌ఫోన్ దూరంగా పెట్టి, కాయిల్ కదలకుండా పట్టుకుని ముందు నాయిస్ క్యాన్సిల్ (బయటి విద్యుత్ అలజడిని తగ్గించడం) చేయండి. ఆ తర్వాత గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే నేలలోని ఖనిజాలకు మెషిన్‌ను సర్దడం: ఏ లోహమూ పలకని చోటు వెతికి, యాక్సెప్ట్/రిజెక్ట్ బటన్ నొక్కిపట్టి, అంకె నిలకడపడేదాకా కాయిల్‌ను నేలకు దగ్గరగా పైకీ కిందికీ ఆడించాలి. కింద మేకు ఉన్నచోట ఈ పని చేస్తే బ్యాలెన్స్ తప్పుగా కూర్చుంటుంది, ఆ తర్వాత విన్నదేదీ నమ్మడానికి లేదు. సిగ్నల్ లేని చోటు పొలం మధ్యలో దొరుకుతుంది, విల్లా వైపు దొరకదు.

రికవరీ స్పీడ్ 6 లేదా 7 పెట్టండి. పక్కపక్కనే ఉన్న మేకునీ నాణేన్నీ విడదీసి వినిపించేది ఇదే. లోతు కొంత తగ్గుతుంది, తగ్గనివ్వండి. దుక్కి పొర 20-30 సెంటీమీటర్లకు మించదు, దాని కిందికి మీరు ఎలాగూ తవ్వకూడదు.

ఐరన్ బయాస్ సంగతి జాగ్రత్తగా చూడండి. పెంచితే అనుమానపు సిగ్నల్‌నల్లా మెషిన్ ఇనుము కింద జమకడుతుంది: చెవికి హాయి, కానీ మేకు పక్కనున్న నాణెం కూడా అందులోనే పోతుంది. ఇలాంటి నేలలో ఎఫ్2 బయాస్‌ను (ఐరన్ బయాస్‌లో ఒక రకం) 2-3 దగ్గర ఉంచి, అబద్ధపు టోన్లను చెవితో ఏరుకోవడం మేలు. గుర్రపునాడా బొమ్మ ఉన్న బటన్ నొక్కి ఆల్ మెటల్‌లో నడవండి. ఇనుము గురగుర వినబడుతుంటేనే మేకులు ఎక్కడ దట్టంగా ఉన్నాయో తెలుస్తుంది. దాన్ని మూయించేస్తే నిశ్శబ్దంగా ఉన్నచోట నిజంగా ఏమీ లేదో, మేకు మాటున ఏదైనా దాగిందో చెప్పలేం. మీ మెషిన్ మూగబోయింది అందుకే.

తవ్వేముందు రెండు పరీక్షలు. సిగ్నల్ చుట్టూ 90 డిగ్రీలు తిరిగి మళ్లీ ఊపండి. నాణెం రెండువైపులా దాదాపు అదే అంకెతో పలుకుతుంది. మేకు ఒకవైపే పలికి, రెండోవైపు గురగురలోకి జారిపోతుంది. తర్వాత పిన్‌పాయింట్ (వస్తువు సరిగ్గా ఎక్కడుందో చూపే బటన్) నొక్కండి. మంచి టోన్ వచ్చిన చోటుకీ, పిన్‌పాయింట్ చూపించే నడిబొడ్డుకీ మధ్య జానెడు ఎడం ఉంటే దాదాపు ఇనుమే. కొత్తలో అనుమానం వచ్చినవి కూడా కొన్ని తవ్వండి, చెవి అలాగే తయారవుతుంది.

వీలైతే 6 అంగుళాల కాయిల్ కొనండి. ఈ పొలానికి సెట్టింగులన్నిటికంటే అదే ఎక్కువ మేలు చేస్తుంది.

చెవిలోటోన్:
పైవాటికి తోడు, ఇంటి దగ్గరే చెవికి అలవాటు చేసుకోండి. ఒక మేకు, ఒక నాణెం నేలమీద పెట్టి, ఎడం 10 సెంటీమీటర్ల నుంచి తగ్గిస్తూ ఎక్కడ నాణెం గొంతు పోతుందో రికవరీ స్పీడ్ 3తో ఓసారి, 7తో ఓసారి చూడండి. నాణెం ఎంపికలో చాలామంది దెబ్బతింటారు: 1992 సెప్టెంబరు నుంచి వచ్చిన ఒక పెన్నీ రాగి పూసిన ఉక్కు, పరీక్షకు పనికిరాదు. అంతకుముందువి కంచువి. 20 పెన్సు బిళ్ల రాగి-నికెల్, అదీ పనికొస్తుంది. ఇండియా నుంచి తెచ్చుకున్న స్టీలు రూపాయి బిళ్లలూ వద్దు.

కాయిల్ నేలకు 2-3 సెంటీమీటర్లలో, సమానంగా ఉండాలి. ఊపు చివర లేపకండి. ఒక ఊపు ముందరి ఊపు మీద సగం పడాలి. కోతలయ్యాక కొయ్యకాళ్లు నిలబడి ఉంటే కాయిల్ పైనే తేలుతుంది, ఆ మేరకు లోతు పోయినట్టే. దున్ని, రోలర్ తిప్పి, ఒక వాన పడ్డాక దిగడం ఉత్తమం. రైతు పొలానికి ఊరి చెత్తతో చేసిన కంపోస్టు ఎరువు వేశాడేమో కూడా అడగండి. వేసి ఉంటే తునాతునకలైన అల్యూమినియం ముక్కలు నేలంతా ఉంటాయి, ఏ సెట్టింగూ కాపాడదు.

గట్టుహద్దు:
సెట్టింగుల కంటే ముందు హద్దు చూసుకోవాలి. రక్షిత స్థలం హద్దు పొలం గట్టుతోనే ఆగుతుందని అనుకోకండి. చాలాచోట్ల అది కంచె దాటి పక్క పొలంలోకి వస్తుంది, నేల మీద గుర్తేమీ ఉండదు. హిస్టారిక్ ఇంగ్లాండ్ వాళ్ల జాతీయ వారసత్వ జాబితాలో మ్యాప్ తెరిచి, గీత ఎక్కడుందో చూసి, దానికి ఇవతల కొంత జాగా వదలండి. 1979 నాటి పురాతన కట్టడాల చట్టం 42వ సెక్షన్ ప్రకారం, రాతపూర్వక అనుమతి లేకుండా అక్కడ డిటెక్టర్ వాడటమే నేరం, ఏమీ దొరక్కపోయినా సరే. రైతు సరేనన్నా అది అనుమతి కాదు.

రైతు నోటిమాటను కాగితం మీద పెట్టించండి. భూమి కౌలుదారు చేతిలో ఉంటే యజమానీ, కౌలుదారూ ఇద్దరూ సంతకం చేయాలి. దొరికినదాంట్లో ఎవరి వాటా ఎంతో అందులోనే రాసుకుంటే తర్వాత పేచీ ఉండదు. పొలం పర్యావరణ పథకం కింద ఉందేమో కూడా అడగండి, వాటికి వేరే షరతులుంటాయి.

1996 ట్రెజర్ చట్టం ప్రకారం 300 ఏళ్లు దాటి, బరువులో కనీసం 10 శాతం బంగారం లేదా వెండి ఉన్న వస్తువు ట్రెజర్ కిందికి వస్తుంది. నాణేల లెక్క వేరు: ఒకేచోటివి రెండు వెండి లేదా బంగారు నాణేలు, లేదా మామూలు లోహానివైతే పది. దొరికిన, లేదా అది ట్రెజర్ కావచ్చని తెలిసిన 14 రోజుల్లో కరోనర్‌కు (ట్రెజర్ అవునో కాదో విచారించి తేల్చే అధికారి) తెలియజేయాలి. 2023 జులై నుంచి 200 ఏళ్లు దాటిన, అసాధారణ ప్రాముఖ్యం ఉన్న లోహ వస్తువులను కూడా చేర్చారు. అక్కడి ఫైండ్స్ లియైజన్ ఆఫీసర్‌కు (జనానికి దొరికిన పురావస్తువులను నమోదు చేసే అధికారి) ఫోన్ చేస్తే కరోనర్ దాకా వాళ్లే నడిపిస్తారు. ట్రెజర్ కానివి కూడా వాళ్లకు చూపించండి. ఒంటరి కంచు బ్రూచ్ (బట్టకు పెట్టుకునే పిన్ను) చట్టం దృష్టిలో చిన్నది, విల్లా చుట్టూ మనుషుల జాడ గీయడానికి మాత్రం అలాంటివి వంద కావాలి, ఒక్కోటీ ఎక్కడ దొరికిందో తెలియాలి.

ఫాస్‌వే_పొలం:
చాలా థాంక్సండీ. మ్యాప్ చూశాను, హద్దు నిజంగానే ఇటు పొలంలోకి కొంచెం వచ్చింది. ఆ మూల వదిలేస్తాను. నాణెం బయటపడితే అక్కడికక్కడ ఏం చేయాలి? కుండ లాంటిది తగిలితే? ఇంకోటి: వచ్చే సంక్రాంతికి ఊరెళ్తూ డిటెక్టర్ తీసుకెళ్లాలని ఉంది, కోటిలింగాల వైపు.

దుక్కిచాలు:
గడ్డి నేలైతే మూడువైపులా కోసి పెళ్లను మూతలా తెరవాలి. దుక్కిలో ఆ బాధ లేదు. పారను సిగ్నల్‌కు జానెడు దూరంగా దించండి, నేరుగా దించితే నాణెం చీలుతుంది. చేతి పిన్‌పాయింటర్‌తో మట్టిలో వెతికేటప్పుడు కాయిల్‌ను దూరంగా పెట్టండి, ఒకదాన్ని చూసి ఒకటి అరుస్తాయి. నాణేన్ని రుద్దొద్దు. జేబులో వేసుకుని వేలితో మట్టి తుడిస్తే పైపొరతో పాటు రాజు ముఖమూ పోతుంది. ఉన్నపళంగా రంధ్రాలున్న చిన్న ప్లాస్టిక్ సంచిలో వేసి, సంచి మీద గ్రిడ్ నంబరు (మ్యాప్‌లో ఆ చోటును చూపే అంకెలు) రాయండి. ఎనిమిది అంకెలైతే 10 మీటర్లలో చోటు తెలుస్తుంది, పది అంకెలైతే ఒక మీటరు. పది అంకెలు రాసినా ఫోన్ జీపీఎస్ అంత ఖచ్చితంగా ఉండదు.

కుండ పెంకు అంచు తగిలినా, ఒకే గుంతలో నాణేలు వరసగా వస్తున్నా ఆపేయండి. మట్టి కప్పి, చోటు గుర్తుపెట్టుకుని ఆఫీసర్‌కు ఫోన్ చేయండి. ఫొటో ఎక్కడా పెట్టకండి, రాత్రికి దొంగలొస్తారు. ఎముకలు మనిషివైతే పోలీసులకు చెప్పండి. బాంబు, తూటా లాంటిది కనిపిస్తే ముట్టుకోకుండా 999.

పెద్దబంకూరు:
డిటెక్టర్ అక్కడే ఉంచి రండి. కోటిలింగాల శాతవాహన నాణేలకు పేరుపడ్డ చోటు, సిముకుడి నాణేలు కూడా అక్కడ దొరికాయి. కేంద్ర రక్షిత కట్టడాలకు 1958 చట్టం ఉంది: 2010 సవరణతో చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. రాష్ట్ర స్థలాలకు తెలంగాణలో 2017 హెరిటేజ్ చట్టం ఉంది. ఇవేవీ వర్తించని మామూలు చేనులో దొరికినా, 1878 ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. దాచిపెడితే జైలుశిక్ష కూడా ఉంది. ఇంగ్లాండ్‌లో లాగా వాటా పంచుకుని ఇంటికి తీసుకెళ్లే ఆనవాయితీ ఇక్కడ లేదు. పైగా గుప్తనిధుల తవ్వకాల కేసులతో మన ఊళ్లు విసిగిపోయి ఉన్నాయి. చేలో డిటెక్టర్‌తో కనిపిస్తే ముందు పోలీసులే వస్తారు.

రోమన్ నాణేలే చూడాలనుకుంటే ఇక్కడా ఉన్నాయి. నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లెలో అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల వెండి దెనారియస్‌లు రాశిగా బయటపడ్డాయి. మీ పొలంలో వెండి దెనారియస్ తగిలితే, అదే రకం నాణెం మన నేలకూ వ్యాపారంతో చేరిందన్నమాట. ఇంకోమాట, అక్కడ దొరికింది ఊళ్లో చూపిద్దామని సూట్‌కేసులో వేసుకురాకండి. బ్రిటన్ నేలలో దొరికిన 50 ఏళ్లు దాటిన పురావస్తువుల ఎగుమతికి లైసెన్సు నిబంధనలున్నాయి, ముందు మీ ఫైండ్స్ ఆఫీసర్‌ను అడగండి.