పామాయిల్ సుంకం గురించి మా ఎంపీ గారితో పార్లమెంట్‌లో ప్రశ్న అడిగించాలంటే ఎలా అండి?

గెలల_రైతు

అందరికీ నమస్కారం అండి. మాది జంగారెడ్డిగూడెం దగ్గర ఊరు, పామాయిల్ తోట, మధ్యలో కోకో, నాన్నగారు వేసిన తోటే ఇప్పుడు నేను చూసుకుంటున్నా. విషయం ఏంటంటే ముడి పామాయిల్ మీద బేసిక్ దిగుమతి సుంకం 2024 సెప్టెంబర్‌లో సున్నా నుంచి 20 శాతం చేశారు, అప్పుడు గెలల రేటు కాస్త పైకొచ్చి మాకు ఊపిరాడింది, తీరా 2025 మే నెలాఖరున దాన్ని 10 శాతానికి దించేశారు. తొమ్మిది నెలలు కూడా ఉంచలేదు. మొక్క నాటితే నాలుగో ఏడు దాకా గెల చేతికి రాదు, 25 ఏళ్ళు ఉంచే తోట ఇది, మరి సుంకం ఏమో ఏడాది తిరక్కుండా మారిపోతే మేం ఏ లెక్కన ధైర్యం చెయ్యాలి.

ఇది ఎవర్ని అడగాలి అని మాలో మాకు చర్చ వచ్చింది. మా బాబాయ్ ఎంపీ గారికి చెప్పి పార్లమెంట్‌లో క్వశ్చన్ వేయిద్దాం అన్నాడు. మామూలు రైతు చెప్తే ఎంపీలు ప్రశ్న వేస్తారా, వేస్తే మంత్రి జవాబు చెప్పి తీరాలా, దాని పద్ధతి ఏంటి, తెలిసినవాళ్ళు చెప్పండి. నేను ఇలా రాసుకున్నా:

"పామాయిల్ రైతులు తీవ్రంగా నష్టపోతున్న మాట వాస్తవమేనా? విదేశీ కంపెనీల కోసం సుంకం తగ్గించడం అన్యాయం కాదా? రైతులను ప్రభుత్వం ఎప్పుడు ఆదుకుంటుంది?"

బాగుందా?

ఢిల్లీ_చలి

రైతు గారూ, నేను కొన్నేళ్ళు ఢిల్లీలో ఒక ఎంపీ గారి దగ్గర ఈ ప్రశ్నలు రాసే పనే చేశాను కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తా, ఏమీ అనుకోకండి. మీ బాధ నిజం, కానీ ఈ ప్రశ్న ఇలాగే పంపితే ఒక్క ముక్క కూడా పనికొచ్చే జవాబు రాదు.

ముందు పద్ధతి. ప్రశ్నలు ప్రధానంగా రెండు రకాలు. స్టార్డ్ అంటే చుక్క గుర్తు ప్రశ్న, మంత్రి సభలో లేచి నోటితో జవాబు చెప్పాలి, లోక్‌సభలో రోజుకి 20 ఉంటాయి. అన్‌స్టార్డ్ అంటే రాతపూర్వక జవాబు, రోజుకి 230 దాకా. ఎంపీలు పంపేవి వీటికంటే చాలా ఎక్కువ కాబట్టి బ్యాలెట్ తీస్తారు, అంటే లాటరీయే. ఒక సభ్యుడికి ఒక రోజు ఒకే స్టార్డ్, అన్నీ కలిపి 5 మించవు. కనీసం 15 రోజుల ముందు నోటీసు వెళ్ళాలి, అందుకే సెషన్ మొదలయ్యాక మనం ఎంపీ గారి ఇంటికి వెళ్తే సగం రోజులు అప్పటికే దాటిపోయి ఉంటాయి, తేదీలు ప్రకటించిన రోజే మీ కాగితం అక్కడ ఉండాలి. ప్రశ్న 150 పదాలు దాటకూడదు. ఇంగ్లీషులోనో హిందీలోనో వెళ్తుంది, ఆ పని ఆఫీసు వాళ్ళు చూసుకుంటారు.

ఇక మీ డ్రాఫ్ట్. "అన్యాయం కాదా" అన్న ముక్క లోక్‌సభ సెక్రటేరియట్‌లోనే ఎగిరిపోతుంది, ఎందుకంటే ప్రశ్నలో వాదన, ఆరోపణ, ఎత్తిపొడుపు ఉండకూడదని రూల్. "వాస్తవమేనా" అంటే వాళ్ళు అవుననో కాదనో తేల్చి ఊరుకుంటారు. "ఎప్పుడు ఆదుకుంటుంది" అంటే రైతు సంక్షేమానికి ప్రభుత్వం కట్టుబడి ఉంది అని మొదలుపెట్టి ఉన్న స్కీముల పేర్లన్నీ వరసగా ఏకరువు పెడతారు, ఒక పేజీ నిండుతుంది, మీకు ఒరిగేది సున్నా.

అసలు చిక్కు ఇంకోటుంది, ఈ ప్రశ్న ఏ మంత్రికి? సుంకం నోటిఫికేషన్ ఆర్థిక శాఖది. వంటనూనెల ధరలు, సరఫరా చూసేది ఆహార, ప్రజాపంపిణీ విభాగం. తోటలు వెయ్యమని చెప్పిన ఆయిల్‌పామ్ మిషన్ వ్యవసాయ శాఖది, 2021 ఆగస్టులో 11,040 కోట్లతో ఆమోదించారు కదా అదే. మూడూ కలిపి ఒకే ప్రశ్నలో పెడితే మా పరిధి కాదని ఒకరి నుంచి ఒకరికి బదిలీ చేస్తారు, చివరికి ఎవరి జవాబూ నిండుగా ఉండదు. ఒక్కో శాఖకి వారంలో ఒక్కో రోజు కేటాయించి ఉంటుంది, కాబట్టి విడగొట్టి వేర్వేరు రోజులకి పంపించండి.

పాత_సెక్షన్

పైన ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్టు. నేను అటువైపు కుర్చీలో కూర్చున్నవాణ్ణి, ఏ శాఖ అని చెప్పను, రిటైరై చాలా కాలమైంది. పార్లమెంట్ ప్రశ్న వచ్చిందంటే ఆఫీసులో మిగతా ఫైళ్ళన్నీ పక్కకి పోతాయి. రాష్ట్రాలకి ఫోన్లు, మెయిళ్ళు, సాయంత్రానికి డ్రాఫ్ట్, రాత్రి దాకా దిద్దుబాట్లు. స్టార్డ్ అయితే జవాబుతో పాటు మంత్రి గారికి ఇంకో లావుపాటి నోట్ తయారు చెయ్యాలి, సభ్యుడు సప్లిమెంటరీ, అంటే జవాబు విన్నాక అక్కడికక్కడే వేసే అనుబంధ ప్రశ్న, ఏం అడగొచ్చో మేమే ఊహించి వాటికి కూడా జవాబులు. ఆ రోజు అధికారుల గ్యాలరీలో ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాళ్ళం, మంత్రి ఎక్కడ తడుముకుంటారో అని గుండె దడ, చిన్న స్లిప్ మీద అంకె రాసి అటెండెంట్ చేతికిచ్చి పంపడం.

ఒక రహస్యం లాంటిది చెప్తా. ప్రశ్నలో (ఎ), (బి), (సి), (డి) అని విడివిడిగా అడుగుతారు కదా, జవాబులో "(ఎ) నుంచి (డి) వరకు" అని కలిపి ఒకే పేరా రాశామంటే ఎక్కడో ఒక దానికి మా దగ్గర సరైన జవాబు లేదనే మీరు అర్థం చేసుకోవచ్చు. అన్నిసార్లూ కాదు కానీ చాలాసార్లు. అదే ప్రశ్నలో తేదీ, మొత్తం, రాష్ట్రం, సంవత్సరం అడిగితే తప్పించుకోవడం మాకు చాలా కష్టమయ్యేది, టేబుల్ ఇవ్వాల్సి వచ్చేది. ఒక్క అంకె తప్పు పడితే సభని తప్పుదోవ పట్టించారని మంత్రి మీదకి వస్తుంది, ఆ భయంతో ఒకటికి నాలుగుసార్లు సరిచూసేవాళ్ళం.

కాబట్టి మీరు బాధ అడక్కండి, లెక్క అడగండి. మిషన్ లో రైతుకి వయబిలిటీ ధర అని ఒకటి పెట్టారు, గత 5 ఏళ్ళ సగటు ముడి నూనె ధరని టోకు ధరల సూచీతో సర్దుబాటు చేసి దాంట్లో 14.3 శాతం. గెలల ఫార్ములా ధర, అంటే ఆ నెల ముడి నూనె రేటుని బట్టి లెక్కకట్టేది, దానికంటే పడిపోతే ఆ తేడా (వయబిలిటీ గ్యాప్ అంటారు) నేరుగా రైతు ఖాతాలో వేస్తామన్నారు. ఇప్పటిదాకా ఏ రాష్ట్రంలో ఎంతమందికి ఎంత వేశారు? ఈ ఒక్క ప్రశ్న మీ మూడు ప్రశ్నల కంటే గట్టిది.

తాడేపల్లి_శ్రీను

అందరూ పద్ధతి బాగా చెప్తున్నారు కానీ నాకు ఒకటి అర్థం కాదండి, ప్రశ్న వేస్తే ఏమవుతుంది? టీవీ పెడితే పొద్దున్నే గొడవ, వాయిదా, ఇంక క్వశ్చన్ అవర్, అదే సభలో ప్రశ్నలకి పెట్టిన గంట, ఎక్కడుంది. 2020 వర్షాకాల సమావేశాల్లో కోవిడ్ పేరుతో క్వశ్చన్ అవరే తీసేశారు, రాతపూర్వకవి మాత్రం ఉంచారు. ఆ సెషన్‌లోనే లాక్‌డౌన్‌లో ఇళ్ళకి నడిచి వెళ్తూ ఎంతమంది వలస కార్మికులు చనిపోయారని అడిగితే అలాంటి డేటా మా దగ్గర లేదన్నారు. 2005లో అయితే డబ్బులు తీసుకుని ప్రశ్నలు వేశారని 11 మంది ఎంపీలని సభ నుంచే పంపేశారు. నాకు నమ్మకం పోయింది, రైతు అన్నని నిరుత్సాహపరచడానికి కాదు, నిజంగా అడుగుతున్నా.

గ్యాలరీ_మూల_సీటు

శ్రీను గారూ మీ కోపం న్యాయమైనదే కానీ మీరు చెప్పిన ఉదాహరణే చూడండి. "డేటా లేదు" అన్న జవాబు రాతలో వచ్చింది కాబట్టే అది దేశమంతా తెలిసింది, ఇవ్వాళ మీరు ఇక్కడ రాయగలిగారు. ప్రశ్న వెయ్యకపోయి ఉంటే ఆ లేకపోవడం కూడా రికార్డులో ఉండేది కాదు.

నేను రిపోర్టర్‌ని, ఎక్కువ అసెంబ్లీయే. 2021 మార్చి 8 గుర్తుందా, విశాఖ ఉక్కు నూరు శాతం అమ్మకమే, రాష్ట్రానికి అందులో వాటా లేదు అని లోక్‌సభలో ఆర్థిక మంత్రి జవాబు వచ్చింది, ఆ రాత్రే కూర్మన్నపాలెం దగ్గర కార్మికులు హైవే మీదకి వచ్చేశారు. అంతకుముందు దాకా అమ్మరులే, చూద్దాంలే అనుకున్నవాళ్ళకి ఆ కాగితంతో భ్రమ తొలగిపోయింది. ఇంకా వెనక్కి వెళ్తే 1957లో ఎల్ఐసీ డబ్బుతో ముంద్రా కంపెనీల షేర్లు కొన్న విషయం లోక్‌సభలో ఫిరోజ్ గాంధీ లేవనెత్తారు, ఆయన పాలక పార్టీ సభ్యుడే, ప్రధానికి సొంత అల్లుడు, అయినా వదల్లేదు, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టీటీ కృష్ణమాచారి రాజీనామా చేశారు.

సభ వాయిదా పడినా స్టార్డ్ ప్రశ్నలకి రాసిన జవాబులు టేబుల్ మీదకి వస్తాయి, పోయేది సప్లిమెంటరీ అడిగే అవకాశం. నా దృష్టిలో అసలు నష్టం అదే. అడిగిన సభ్యుడికి రెండు సప్లిమెంటరీలు ఇస్తారు, తర్వాత స్పీకర్ పిలిస్తే వేరేవాళ్ళు అడగొచ్చు, మంత్రికి సబ్జెక్ట్ తెలుసో లేదో బయటపడేది అక్కడే. మామూలు రోజుల్లో కూడా 20లో నాలుగైదు మించి నోటిదాకా రావు, అందుకే గొడవలతో ఆ గంట పోతే నాకు నిజంగా కడుపు మండుతుంది, ఏ పార్టీ చేసినా సరే.

రైతు గారికి ఇంకో మాట. గెలల ధర నెలనెలా ప్రకటించేది రాష్ట్రమే, 1993 నాటి ఆయిల్‌పామ్ చట్టం మన రాష్ట్రానిదే. కాబట్టి సగం ప్రశ్న మీ ఎమ్మెల్యే గారితో అసెంబ్లీలో వేయించాలి. ఎంపీ రాష్ట్ర విషయం అడిగితే ఢిల్లీలో అడ్మిట్ చెయ్యరు. అసెంబ్లీలో ఒక జాగ్రత్త, "ఫలానా విషయం ప్రభుత్వ దృష్టికి వచ్చినదా, వచ్చినచో తీసుకున్న చర్యలేమిటి" అని పాత మూసలో అడిగారనుకోండి, (అ)కి "లేదండి", (ఆ)కి "ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు" అని రెండు ముక్కల్లో మూసేస్తారు. ఆ "ఉత్పన్నం కాదు" అన్న మాట ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. మొదటి దాని మీద రెండోది ఆధారపడకుండా దేనికది నిలబడేలా రాయండి.

టేమ్స్_గోదారోడు

లండన్ నుంచి, మాది తణుకు. ఇక్కడ ప్రతి బుధవారం మధ్యాహ్నం 12కి ప్రధాని అరగంట నిలబడి జవాబు చెప్పాలి, ప్రతిపక్ష నాయకుడికే 6 ప్రశ్నలు. టీవీలో చూడ్డానికి హోరాహోరీగా ఉంటుంది కానీ నాకు పని జరిగింది మాత్రం రాతపూర్వక ప్రశ్నతోనే. వీసా ఫీజుల విషయంలో మా లోకల్ ఎంపీకి ఒక ఉత్తరం రాశా, ఆవిడ హోం శాఖకి ప్రశ్న పంపారు, కొద్ది రోజుల్లో జవాబు కాపీ నాకు పోస్టులో వచ్చింది. అలాగే మన దగ్గర కూడా ఫోన్‌లో చెప్పి వదిలెయ్యకుండా కాగితం మీద రాసిచ్చి కాపీ ఉంచుకోండి.

ఢిల్లీ_చలి

ఒకటి మర్చిపోయా, అడిగేవాళ్ళు చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. మీ ఎంపీ కేంద్ర మంత్రి అయితే ఆయన ప్రశ్న వెయ్యరు, జవాబు చెప్పే వైపు ఉంటారు కదా. 2024 జూన్‌లో శ్రీకాకుళం, గుంటూరు, నరసాపురం, సికింద్రాబాద్, కరీంనగర్ ఎంపీలు కేంద్రంలో మంత్రులుగా ప్రమాణం చేశారు, అలాంటిచోట రైతులు పక్క నియోజకవర్గం ఎంపీనో రాజ్యసభ సభ్యుణ్ణో పట్టుకోవాలి. రాజ్యసభలో రోజుకి స్టార్డ్ 15, క్వశ్చన్ అవర్ 12 గంటలకి.

జవాబు వచ్చాక వదిలెయ్యొద్దు. "పరిశీలనలో ఉంది", "సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాం" అని మంత్రి అంటే అది హామీ కింద లెక్క. దాన్ని పట్టుకుని ఉండటానికి హామీల కమిటీ అని ఒకటుంది, 1953 నుంచి ఉంది, మూడు నెలల్లో నెరవేర్చాలని నియమం. చాలా ఆలస్యం అవుతాయి, నిజమే, కానీ ఎంపీ గారి ఆఫీసు నుంచి గుర్తు చేస్తుంటే కదులుతాయి. జవాబులన్నీ సంసద్ డాట్ ఇన్‌లో పెడతారు, మంత్రిత్వ శాఖ, తేదీ కొట్టి వెతకొచ్చు, మీ విషయం మీద ఇంతకుముందు ఎవరైనా అడిగారేమో ముందు అది చూడండి, అడిగిందే అడిగితే అడ్మిట్ అవ్వదు.

గెలల_రైతు

అందరికీ చేతులెత్తి దణ్ణం అండి, ఇన్ని సంగతులు ఎవరూ చెప్పలేదు. రాత్రి కూర్చుని మళ్ళీ రాశా. వ్యవసాయ శాఖకి ఇది:

"(ఎ) ఆయిల్‌పామ్ మిషన్ మొదలైనప్పటి నుంచి వయబిలిటీ గ్యాప్ కింద రైతులకు చెల్లించిన మొత్తం ఎంత;
(బి) 2024 సెప్టెంబర్ నుంచి ఏయే నెలల్లో గెలల ఫార్ములా ధర వయబిలిటీ ధర కంటే తగ్గింది;
(సి) 2025 మేలో ముడి పామాయిల్‌పై సుంకం 20 నుంచి 10 శాతానికి తగ్గించే ముందు రైతుల మీద దాని ప్రభావం గురించి ఈ శాఖ అభిప్రాయం అడిగారా, అడిగితే ఏ తేదీన చెప్పింది?"

ఆర్థిక శాఖకి వేరేగా, సుంకం తగ్గించాక దేశంలో రిటైల్ నూనె ధర నెలవారీగా ఎంత తగ్గింది అని. వినియోగదారుడి కోసమే తగ్గించాం అన్నారు కదా, ఆ తగ్గుదల ఇంట్లో నూనె ప్యాకెట్ మీద కనిపించిందో లేదో తెలియాలి. మా ఆవిడే ఈ ప్రశ్న చెప్పింది, కిరాణా కొట్టు బిల్లులు చూసి.

పాత_సెక్షన్

(సి) చాలా బాగుంది, అది చదివితే నాకే చెమట పట్టేది. (ఎ)లో ఒక్క మార్పు, "రాష్ట్రాల వారీగా, సంవత్సరాల వారీగా, లబ్ధిదారుల సంఖ్యతో సహా" అని కలపండి, లేకపోతే దేశం మొత్తానికి ఒకే అంకె ఇచ్చి ఊరుకుంటారు. నూనె ధర ప్రశ్న మీ ఆవిడ గారిదే అయినా ఆర్థిక శాఖకి కాదు, ధరలు ఆహార, వినియోగదారుల శాఖ దగ్గర ఉంటాయి, అక్కడికి పంపండి.

గెలల_రైతు

మార్చేశానండి. ఈ సోమవారం ఏలూరులో ఎంపీ గారి ఆఫీసుకి వెళ్తున్నాం, నాలుగు ఊళ్ళ రైతులం సంతకాలు పెట్టాం, గెలల తూకం చీటీలు కూడా జతచేశా. ఎమ్మెల్యే గారికి ఇచ్చే కాగితం గ్యాలరీ గారు చెప్పినట్టు విడిగా రాస్తున్నా, రేపు ఇక్కడే పెడతా, ఆ "ఉత్పన్నం కాదు" కి సందు లేకుండా ఉందో లేదో ఒకసారి చూసి పెట్టండి.